పెరటి చెట్టు

కరీంనగరమునుండి ఓరుగల్లునకు పోవు రాజమార్గమున హుజూరాబాదు పట్టణము కలదు. శ్రీరామసాగరమునుండి వచ్చు కాకతీయ కాలువ ఈ ప్రాంతపు భూములను తడుపుచున్నది. వరియు, ప్రత్తియు, మొక్కజొన్నయు ఇచ్చట విరివిగా పండును. ఇంతటి పంటసీమలో నివసించుచు గూడ, దినకూలిపై బ్రతుకువారు అంగడిలో సేంద్రియ ధాన్యపు పొట్లమును చూచి, "ఇది కలవారి తిండి, మనకేల?" అని మరలిపోవుదురు. ఆ మాట ఎంతవరకు నిజమో విచారింపవలసియున్నది.

రసాయనిక ఎరువులును, పురుగుమందులును వాడక, పశువుల పేడ, ఆకుల ఎరువు మొదలగువానితో నేలను పోషించి పండించిన ఆహారమును సేంద్రియాహార మందురు. అది ప్రియముగా నుండుటకు కారణములు కలవు. రసాయనములు మానిన తొలి సంవత్సరములలో దిగుబడి తరచుగా తగ్గును. కలుపు తీయుటకు కూలీలు ఎక్కువగా కావలెను. పంట శుద్ధమైనదని ధ్రువపత్రము పొందుటకు రుసుము చెల్లింపవలెను. పిదప పొట్లము కట్టుట, దూరపు నగరమునకు చేర్చుట, దుకాణదారుని లాభము - ఇవన్నియు ధరలో చేరును. అనగా, కొనువాడిచ్చు సొమ్ములో కొంత ఆహారమునకును, కొంత ఆ ఆహారము నడచివచ్చిన దారికిని పోవుచున్నది. దారి తగ్గినచో ధరయు తగ్గును. అన్నిటికంటె చిన్న దారి పెరటినుండి వంటయింటికి గల దారి.

పెరటి చెట్టు మందుకు రాదని సామెత. చెంతనున్న దానియందు మనుజునకు చులకన. కాని మంచమంత నేలయున్నను తోటకూర, పుంటికూర, మెంతి, బచ్చలి పెంచవచ్చును. తోటకూర విత్తిన నెలదినములలో కోతకు వచ్చును. బచ్చలి కోసినకొలది చిగుర్చును. బియ్యము, కూరలు కడిగిన నీరే ఈ మొక్కలకు చాలవరకు సరిపోవును. నేల లేనివారు పగిలిన కుండలలో మన్ను నింపి పెంచవచ్చును. పురుగు కనబడినచో 50 గ్రాముల వేపగింజల పప్పును దంచి, లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టి, వడగట్టి చల్లవలెను. ఆకుకూరలతోనే మొదలిడుటకు కారణమున్నది. చల్లిన మందు నేరుగా ఆకులపై పడును. తొక్క తీయు వీలులేక ఆకును అట్లే వండుకొందుము.

విత్తకయే మొలచు కూరలును కలవు. గునుగు, తుమ్మి, గంగవాయిలి, పొన్నగంటి మొదలగునవి తొలకరి తరువాత చేలగట్లపై లభించును. వానిని ఎరిగిన పెద్దలు చూపినప్పుడే కోయవలెను. మందు చల్లిన చేనిలో మాత్రము ఎన్నడును కోయరాదు.

రైతు మందులు మానినచో బ్రతుకగలడా యని సందేహము కలుగవచ్చును. 1997-98లో ఓరుగల్లు ప్రాంతపు ప్రత్తిచేలను పురుగు ముట్టడించెను. మందుపై మందు చల్లినను అది చావలేదు. అప్పులపాలై పెక్కుమంది రైతులు ప్రాణములు తీసికొనిరి. ఆ ప్రాంతముననే, నేటి జనగామ జిల్లాలో, ఏనెబావి యను చిన్నయూరు కలదు. అచ్చటి సుమారు యాబది కుటుంబములవారు క్రమక్రమముగా రసాయనములను విడిచి, వేపగింజల కషాయమును, పశువుల ఎరువును ఆశ్రయించిరి. 2006 నాటికి తమ యూరంతయు రసాయనరహితమని ప్రకటించుకొనిరి. మందుల దుకాణమునకు పోవలసిన సొమ్ము ఇంట నిలిచెను. ఆ శుద్ధమైన తిండి ముందుగా పండించినవారి కంచములోనికే వచ్చెను.

జహీరాబాదు ప్రాంతపు నిరుపేద స్త్రీల కథయు నిట్టిదే. 1983లో స్థాపింపబడిన దక్కన్ డెవలప్‌మెంటు సొసైటీ తోడ్పాటుతో వారు సంఘములుగా ఏర్పడి, బీడుపడిన మెట్టనేలలలో జొన్నలు, కొఱ్ఱలు, సామలు, కందులు కలిపి పండించిరి. ఊరిలోనే ధాన్యము నిలువచేసి పేదలకు తక్కువ ధరకు అందించిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారి కృషికి ఈక్వేటర్ బహుమతి నొసంగెను.

హుజూరాబాదువంటి పట్టణములలోని వారును దీనినుండి పాఠము గ్రహింపవచ్చును. నాలుగైదు కుటుంబములు కలిసి, తెలిసిన రైతునొద్ద నూర్పిళ్లనాడే కందులును, జొన్నలును కొన్నచో దళారి ఖర్చు తప్పును. వర్షాధారపు జొన్నలకును, చిరుధాన్యములకును మందుల అవసరము సాధారణముగా స్వల్పము. రైతులే ఒకరి చేనును మరియొకరు పరీక్షించి పూచీపడు పద్ధతిని ప్రభుత్వము గుర్తించినది. దానివలన ధ్రువపత్రపు వ్యయము మిక్కిలి తగ్గును. ఏ ఋతువునందు పండినది ఆ ఋతువునందే తినుటయు పొదుపే.

ఇట్లని, సేంద్రియమైనవి దొరకలేదని కూరలే మానుట అవివేకము. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు దినమునకు కనీసము 400 గ్రాముల కూరలు, పండ్లు అవసరమని చెప్పుచున్నది. అంగడి కూరలను ధారగా పడు నీటిలో బాగుగా కడిగినచో పైనున్న మందు కొంత పోవును. లోనికి ఇంకినది పోదు. కావున కడిగి తినుట నేటి జాగ్రత్త. పెరటిలో విత్తుట రేపటి జాగ్రత్త.

కొన్ని గింజలకు పట్టు సొమ్ము స్వల్పము. కావలసినది ఓపికయు, దినమున కొక గడియ శ్రద్ధయును. ఆ రెండును కలవారికే గాని లేనివారికి లేవని చెప్పుటకు వీలులేదు. పెరటి చెట్టు మందుకు రాకపోయినను, కంచములోనికి తప్పక వచ్చును.