నాగరికుని సందేహాలు

పాఠ్యభాగ ఉద్దేశం

పురపాలక సంఘాలు, నగరపాలక సంస్థలు అందించే సేవలను గురించీ, అవి విధించే నియమాలను గురించీ సామాన్య పౌరునికి తరచుగా కలిగే సందేహాలను తీర్చడం ఈ పాఠం ఉద్దేశం. సేవను హక్కుగా అడగడం, నియమాన్ని బాధ్యతగా పాటించడం ఒకే పౌరధర్మానికి రెండు పార్శ్వాలని విద్యార్థులు గ్రహించాలి.

పాఠం

'నాగరికుడు' అనే మాటకు ఈనాడు మనం సంస్కారవంతుడు అనే అర్థం చెప్పుకొంటున్నాం. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఇది ఒక ఉద్యోగి పేరు. నగర పరిపాలనాభారం వహించే అధికారే నాగరికుడు. అతని కింద నగరంలో నాలుగో భాగానికి స్థానికుడు, పది, ఇరవై లేదా నలభై కుటుంబాలకు గోపుడు ఉండేవారు. తన పరిధిలోని స్త్రీపురుషుల పేర్లు, వృత్తులు, ఆదాయవ్యయాలు గోపుడు తెలుసుకొని ఉండాలి. వీధిలో చెత్త పోసినవానికి పణంలో ఎనిమిదో వంతు, బురదనీరు నిలిచేటట్లు చేసినవానికి నాలుగో వంతు జరిమానా విధించాలనీ, రాజమార్గంలో అదే తప్పు చేస్తే అది రెట్టింపు కావాలనీ ఆ గ్రంథం శాసించింది. అగ్నిప్రమాదాన్ని ఎదుర్కోవడానికి ప్రతి గృహస్థు నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి సిద్ధంగా ఉంచుకోవాలన్న నియమమూ అందులో ఉంది.

ప్రజల వివరాల నమోదు, పారిశుద్ధ్యం, అగ్నిరక్షణ ఈనాటి నగరపాలనలోనూ ముఖ్యమైన పనులే. అయితే ఆనాటికీ ఈనాటికీ ఒక మౌలికభేదం ఉంది. ఆనాటి నగరాధికారి రాజుకు జవాబుదారి. నగరవాసి ఆజ్ఞను శిరసావహించేవాడు మాత్రమే. 1992లో ఆమోదం పొంది, 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానికసంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తిని కల్పించింది. వాటికి అప్పగించదగిన 18 అంశాలను పన్నెండో షెడ్యూలులో పొందుపరిచింది. పాలకమండలి పదవీకాలాన్ని ఐదేళ్లుగా నిర్ణయించింది. అంటే నగరానికి యజమాని నగరవాసే. కాని తన ఇంటిలో ఏ గది ఎక్కడ ఉందో ఎరుగని యజమాని ఇతరులపై ఆధారపడక తప్పదు. పౌరుని అజ్ఞానమే దళారికి జీవనాధారం. కాబట్టి సాధారణంగా కలిగే సందేహాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

ఏ పనికి ఏ కార్యాలయం?

పౌరుని మొదటి సందేహం ఇదే. వీధిదీపాలు, అంతర్గత రహదారులు, చెత్త సేకరణ, దోమల నివారణ, ఉద్యానవనాలు, జనన మరణాల నమోదు, ఇంటి నిర్మాణానికి అనుమతి, ఆస్తిపన్ను మొదలైనవి సాధారణంగా పురపాలక సంస్థ పరిధిలోనివి. ఇంటికి విద్యుత్తు రాకపోతే విద్యుత్ పంపిణీ సంస్థను, కూడలిలో వాహనాలు స్తంభించిపోతే ట్రాఫిక్ పోలీసులను ఆశ్రయించాలి.

మంచినీటి విషయంలో అన్ని నగరాల పద్ధతి ఒకటి కాదు. విజయవాడ, విశాఖపట్నం నగరాలలో నీటి సరఫరాను నగరపాలక సంస్థలే నిర్వహిస్తాయి. హైదరాబాదులో మాత్రం నీటి సరఫరాకు, భూగర్భ మురుగునీటి పారుదలకు 1989లో ప్రత్యేకంగా ఒక సంస్థ ఏర్పడింది. దానినే ప్రజలు జలమండలి అంటారు. అందుచేత ఆ నగరంలో మ్యాన్‌హోల్ పొంగితే జలమండలికి, వీధిదీపం వెలగకపోతే నగరపాలక సంస్థకు ఫిర్యాదు చేయాలి. ఈ తేడా తెలియక అర్జీ పట్టుకొని ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి తిరిగి అలసిపోయేవారు ఎందరో!

జనన మరణాల నమోదు

జననాన్నిగాని మరణాన్నిగాని 21 రోజులలోగా నమోదు చేయించాలని 1969నాటి చట్టం నిర్దేశిస్తున్నది. ఈ గడువులోగా చేసే నమోదుకు రుసుము లేదు. ఆసుపత్రిలో ప్రసవం జరిగితే సమాచారమిచ్చే బాధ్యత ఆసుపత్రిది. ఇంటివద్ద జరిగితే గృహయజమానిది. నమోదు జరగవలసింది సంఘటన జరిగిన ప్రాంతంలోనే కాని, కుటుంబం నివసించే ఊరిలో కాదు. పల్లెనుంచి నగరంలోని ఆసుపత్రికి వచ్చి ప్రసవించిన తల్లి బిడ్డ జననపత్రం కోసం ఆ నగరంలోనే అడగాలి.

గడువు దాటినంతమాత్రాన అవకాశం పోదు. 30 రోజులలోపైతే ఆలస్య రుసుముతో నమోదు చేస్తారు. ఏడాదిలోపైతే నిర్దిష్ట అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే చట్టం నిర్దేశించిన మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరం. ఆలస్యం పెరిగినకొద్దీ మెట్లు పెరుగుతాయన్నమాట.

బిడ్డకు ఇంకా పేరు పెట్టలేదని నమోదును వాయిదా వేసుకొనే తల్లిదండ్రులున్నారు. పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు. పేరును తరువాత చేర్చే వీలుంది. పేరులో అక్షరదోషం దొర్లితే తగిన ఆధారాలు చూపి సవరణ కోరవచ్చు. అధికారి మొదటి నమోదును చెరిపివేయడు. పక్కనే సవరణను రాసి, తేదీతో సంతకం చేస్తాడు.

2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం, ఆ తేదీన లేదా ఆ తరువాత జన్మించినవారికి పుట్టినతేదీని, జన్మస్థలాన్ని నిరూపించే ఆధారం జననపత్రమే. విద్యాసంస్థలో ప్రవేశం, డ్రైవింగ్ లైసెన్సు, ఓటర్ల జాబితా, వివాహ నమోదు, ప్రభుత్వోద్యోగం మొదలైన వాటన్నింటికీ అదే మూలం. ఉచితంగా, 21 రోజులలో ముగిసే పనిని ఉపేక్షిస్తే ఆ బిడ్డ జీవితంలో అడుగడుగునా తలుపులు మూసుకుపోయే ప్రమాదముంది.

ఆస్తిపన్ను

"ఈ పన్ను ఎందుకు చెల్లించాలి?" అన్నది తరచుగా వినిపించే ప్రశ్న. వీధిని ఊడ్చే చీపురు నుంచి వీధిదీపం వరకు నగరసేవలకు డబ్బు కావాలి. స్థానికసంస్థ సొంత ఆదాయంలో ఆస్తిపన్ను ప్రధానమైనది. దానితోపాటు గ్రంథాలయ పన్ను కూడా వసూలవుతుంది. వీధి చివరి గ్రంథాలయంలో విద్యార్థి చదివే దినపత్రికలో ప్రతి ఇంటి భాగమూ ఉందన్నమాట. తెలంగాణలో ఇంటికి రాగల వార్షిక అద్దె విలువ ఆధారంగా ఈ పన్నును నిర్ణయించే పద్ధతి ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఆస్తి మూలధన విలువ ఆధారమైంది.

ఇక్కడ రెండు అపోహలను తొలగించుకోవాలి. పన్ను రసీదు యాజమాన్య హక్కుపత్రం కాదు. రసీదు మాత్రమే చూసి స్థలం కొన్నవారు మోసపోయే అవకాశముంది. అలాగే పన్ను చెల్లించినంతమాత్రాన అక్రమ కట్టడం సక్రమం కాదు.

గృహనిర్మాణ నియమాలు

"నా స్థలంలో నా ఇల్లు కట్టుకోవడానికి ఒకరి అనుమతి ఎందుకు?" అని కొందరు నిష్ఠూరంగా అడుగుతారు. ఇంటి చుట్టూ ఖాళీస్థలం వదలాలన్న నియమం గాలివెలుతురుల కోసం, ఆపత్సమయంలో అగ్నిమాపక వాహనం రావడం కోసం ఏర్పడింది. చెరువు శిఖంలో, నాలాపై ఇల్లు కట్టరాదన్న నియమానికి వెనుక పెద్ద విషాదాలే ఉన్నాయి. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదులో వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు వరద నివారణ ప్రణాళిక రూపొందింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అయినా 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ కాలనీలు నీట మునిగాయి. నీరు తన పాత దారిని మరచిపోదు, మరచిపోయేది మనమే.

నియమాలు కఠినమే కాని, వాటిలో పేదవానికి వెసులుబాటూ ఉంది. 75 చదరపు గజాల లోపు స్థలంలో కింది అంతస్తు, దానిపై మరొక అంతస్తు వరకు నిర్మించుకొనే గృహానికి ముందస్తు అనుమతి అక్కరలేదనీ, నామమాత్రపు రుసుముతో నమోదు చేసుకొంటే చాలుననీ తెలంగాణ పురపాలక చట్టం 2019లో నిర్దేశించింది. అయితే యజమాని స్వీయధ్రువీకరణను నమ్మి ఇచ్చే సౌకర్యం కాబట్టి, అబద్ధం చెప్పినవారిపై కఠినచర్యలకు కూడా ఆ చట్టం వీలు కల్పించింది.

చెత్త - పారిశుద్ధ్యం

తడిచెత్తను, పొడిచెత్తను, ఇంటిలోని హానికర వ్యర్థాలను ఇంటివద్దనే వేరుచేయాలని 2016లో కేంద్రప్రభుత్వం వెలువరించిన నియమావళి చెప్పింది. "ఎలాగూ బండిలో అన్నీ కలిపేస్తారు కదా!" అనేది దీనికి కొందరు చెప్పే సాకు. చెత్త కలిసిపోతే తడిచెత్త ఎరువు కాదు, పొడిచెత్త పునర్వినియోగానికి రాదు. అంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. మనం పారవేసిన పగిలిన గాజుముక్క, వాడిన సూది మొదట గుచ్చుకొనేది పారిశుద్ధ్య కార్మికుని చేతికే.

సెప్టిక్ ట్యాంకు నిండితే ఎవరినైనా పిలిచి అందులోకి దించవచ్చునా? కూడదు. రక్షణ ఉపకరణాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి, మురుగుకాలువలోకి మనిషిని దించి శుభ్రం చేయించడాన్ని 2013నాటి చట్టం నేరంగా పరిగణించింది. విషవాయువులు పీల్చి ఊపిరాడక మరణించినవారి కుటుంబాల కన్నీరు ఆ చట్టం వెనుక ఉంది. యంత్రంతో శుభ్రపరిచే వాహనాన్ని పిలిపించడమే న్యాయం, క్షేమం.

అడగవలసిన తీరు

ఫిర్యాదులో సమస్య ఏమిటో, ఎక్కడ ఉందో, ఎన్నాళ్లుగా ఉందో స్పష్టంగా రాయాలి. ఆవేశం తగ్గించి వివరం పెంచాలి. ఫిర్యాదు సంఖ్యనుగాని రసీదునుగాని తప్పక తీసుకోవాలి. సేవకు ఎన్ని రోజుల గడువో పౌరసేవాపత్రంలో చూసుకోవాలి. గడువు దాటితే పై అధికారికి, ఆ తరువాత వార్డు ప్రతినిధికి విన్నవించాలి. అప్పటికీ స్పందన లేకపోతే 2005నాటి సమాచార హక్కు చట్టం ఉంది. 'నా అర్జీపై ఇంతవరకు తీసుకొన్న చర్య ఏమిటి?' అని అడిగితే సాధారణంగా 30 రోజులలోగా సమాధానం ఇవ్వాలి. ఒక్క తెల్లకాగితంపై రాసిన వినయపూర్వకమైన ప్రశ్న కదలని దస్త్రాన్ని కదిలించగలదు.

విద్యార్థులారా! మరి కొద్దికాలానికే మీకు పద్దెనిమిదేళ్లు నిండి ఓటుహక్కు లభిస్తుంది. ఇరవై ఒక్క ఏళ్లు నిండితే పురపాలక ఎన్నికలలో పోటీ చేసే అర్హత కూడా వస్తుంది. అంతవరకు వేచి ఉండనవసరం లేదు. చదువురాని పొరుగింటి అవ్వకు మరణధ్రువపత్రానికి దరఖాస్తు రాసిపెట్టడం, మీ ఇంటిలో చెత్తను వేరుచేయడం ఈరోజే చేయగలరు. కౌటిల్యుని కాలంలో నగరానికి నాగరికుడు ఒక్కడే. ప్రజాస్వామ్యంలో ఎందరు నగరవాసులో అందరు నాగరికులు.

కఠిన పదాలు - అర్థాలు

పార్శ్వం = పక్క, వైపు
పణం = ప్రాచీనకాలపు నాణెం
శిరసావహించు = తలదాల్చు, పాటించు
ప్రతిపత్తి = స్థాయి, గౌరవం
అర్జీ = విన్నపపత్రం
ఉపేక్షించు = పట్టించుకోకుండా ఉండు
నిష్ఠూరంగా = కటువుగా
శిఖం = చెరువులో నీరు నిలిచే భూమి

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. జనన మరణాల నమోదు విధానాన్ని, దాని ప్రాధాన్యాన్ని వివరించండి.
2. గృహనిర్మాణ నియమాల అవసరాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. అర్థశాస్త్రంలోని నగరపాలనను గురించి రాయండి.
2. ఆస్తిపన్ను విషయంలో తొలగవలసిన అపోహలు ఏవి?
3. మీ వీధిలో వెలగని దీపాన్ని గురించి పురపాలక కమిషనరుకు లేఖ రాయండి.

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 74వ రాజ్యాంగ సవరణ ఎప్పుడు అమలులోకి వచ్చింది?
2. గోపుడు ఎవరు?
3. జననాన్ని ఎన్ని రోజులలోగా రుసుము లేకుండా నమోదు చేయించవచ్చు?

ఈ. సంధులు - సమాసాలు
గ్రంథాలయం = గ్రంథ + ఆలయం - సవర్ణదీర్ఘ సంధి
ప్రభుత్వోద్యోగం = ప్రభుత్వ + ఉద్యోగం - గుణసంధి
నగరపాలన = నగరం యొక్క పాలన - షష్ఠీ తత్పురుష సమాసం
స్త్రీపురుషులు = స్త్రీలును, పురుషులును - ద్వంద్వ సమాసం