టార్చి మార్చే ముందు

చిన్నా,

రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వెయ్యడానికి ఇప్పుడు నువ్వే వెళ్తున్నావని రాశావు. ఉన్న టార్చి మసకబారింది, రెండువేల ల్యూమెన్లది కొననా అని అడిగావు. కొనుక్కోవద్దనను. ముందు పాతదాని జబ్బేమిటో తెలుసుకో.

ఎల్ఈడీ అంత తొందరగా పాడయ్యేది కాదు. వెలుగు తగ్గిందంటే ముందుగా అనుమానించాల్సింది బ్యాటరీని. వెనక మూత విప్పి స్ప్రింగునీ మరలనీ పొడిగుడ్డతో తుడువు. చిలుము పట్టి ఉంటే అక్కడే సగం వెలుగు పోతుంది. నీదాంట్లో ఉన్నది 18650 సెల్లయితే, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్నదైతే, చార్జింగ్ నిండాక మీటరు పెట్టి చూడు. 4.2 వోల్టుల దగ్గర చూపాలి. వాడకుండా రాత్రంతా పక్కన పెట్టినా తెల్లారేసరికి 4 కంటే కిందికి దిగిందంటే ఆ సెల్లు పని అయిపోయినట్టే. సెల్లొక్కటి మార్చు, చాలు. 9,900 ఎంఏహెచ్ అని రాసినవి మాత్రం ముట్టుకోకు. ఆ సైజులో పేరున్న కంపెనీ సెల్లయినా 3,500కి అటూఇటూగా ఆగుతుంది.

లోపల సీసం బ్యాటరీ ఉండే పెద్ద చార్జింగ్ లైట్ల సంగతి వేరు. వాటిని చార్జింగ్ లేకుండా నెలల తరబడి వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి చచ్చిపోతాయి. అలాంటిదాని మీద డబ్బు పెట్టకు.

ఇవన్నీ చూశాక కూడా గట్టు మీద నీ అడుగు ముందు ఏముందో తేల్చుకోలేకపోతున్నావా? అప్పుడు మార్చు. నా లెక్కలో మార్చడానికి అసలు కారణం అదే. చౌక టార్చీల నీలపు తెలుపు వెలుగులో ఎండుటాకూ, మట్టిబెడ్డా, రక్తపింజరీ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. గోధుమరంగులో తేడాలు కనబడాలంటే సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె) 90 దాటినది, వెలుగు రంగు 4,000 నుంచి 5,000 కెల్విన్ల మధ్య ఉన్నది తీసుకో. దానికి ల్యూమెన్లు కాస్త తక్కువున్నా నేను దాన్నే ఎంచుతాను.

ల్యూమెన్లు రెట్టింపయితే కంటికి వెలుగు రెట్టింపుగా తోచదు. కిరణం రెండింతల దూరం పోవాలంటే దాని తీవ్రత నాలుగింతలు కావాలి. పైగా చేతిలో పట్టే చిన్న టార్చి రెండువేలు ఇచ్చేది కొద్ది నిమిషాలే, తరువాత వేడెక్కి తనంతట తానే తగ్గించుకుంటుంది. టార్చి పెట్టె మీద రాసిన దూరాన్నీ ఉన్నదున్నట్టు నమ్మకు. దాన్ని 0.25 లక్స్, అంటే ఇంచుమించు పౌర్ణమి వెన్నెలంత వెలుగు పడే చోటుదాకా కొలుస్తారు. 200 మీటర్లని రాసి ఉంటే వందకే నీకు పనికొస్తుందనుకో. టార్చి వెలిగే సమయం కూడా వెలుగు పదోవంతుకు పడిపోయేదాకా వేసిన లెక్కే. వానలో తిరిగేవాడివి కాబట్టి ఐపీఎక్స్7 అనే గుర్తు ఉందో లేదో చూడు. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు చేరదని దాని హామీ.

ఏ టార్చి కొన్నా మోకాళ్ల దాకా బూట్లు లేకుండా చేలోకి దిగకు, కట్లపాము తిరిగేది రాత్రిళ్లే. పాతదాన్ని పారెయ్యకు, సెల్లు మార్చి మీ అమ్మకివ్వు. ఉబ్బిన సెల్లు చేతికొస్తే మాత్రం మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు, చెత్తలో వెయ్యొద్దు, పాత బ్యాటరీలు తీసుకునేవాళ్లకు అప్పగించు.

ఇట్లు,
మీ పెదనాన్న