దూబగుంట నేర్పిన పాఠం

విజ్ఞాన సమాజం అంటే కంప్యూటర్లేనని అనుకుంటాం. కానీ దాని అసలు పాఠం మన పొరుగునే, కలిగిరి మండలం దూబగుంటలో ఉంది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం మొదలైంది. పగలంతా కూలి చేసిన తల్లులు రాత్రిబడిలో పలక పట్టారు. ఆడవాళ్ళు కలిసి సారా కొట్టు మూయించిన కథ వాచకంలో ఉంది. అది తమ ఇంటి కథేనని గ్రహించిన రోశమ్మ, తోటి మహిళలు తమ ఊళ్ళోనూ సారా ఆపించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది.

వాళ్ళు పరీక్షల కోసం చదవలేదు. చదివింది బతుకుతో పోల్చుకున్నారు, నలుగురితో చర్చించి కదిలారు. చదువు విజ్ఞానమయ్యేది ఇలాగే. మరి డిగ్రీల దాకా వచ్చిన మనం, అమ్మ వేలిముద్ర వేసే కాగితంలో ఏముందో ఆమెకు ఎన్నడైనా చదివి వినిపించామా? ఈ సెలవుల్లో వినిపిద్దాం. పక్కన కూర్చుని అక్షరాలూ దిద్దిద్దాం.