మన లేసు ఓడ ఎక్కాలంటే

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో మధ్యాహ్నం పూట ఏ వీధిలోకి వెళ్ళినా అరుగుల మీద ఆడవాళ్ళు కనబడతారు. చేతిలో సూది ఉంటుంది. వేలికి దారం చుట్టి ఉంటుంది. కబుర్లు చెప్పుకుంటూనే లేసు అల్లుతూ ఉంటారు. వశిష్ఠ గోదావరి అవతల రాజోలు వైపూ ఇంతే.

ఈ పనిని బ్రిటిషువారి కాలంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడ నేర్పారు. అప్పటినుంచి మన లేసు ఓడలెక్కి పై దేశాలకు పోతూనే ఉంది. ఇలా మన సరుకును పై దేశాలకు అమ్మడాన్నే ఎగుమతి అంటారు. మరి ఓడ ఎక్కే సరుకుకి, మన సంతలో అమ్మే సరుకుకి తేడా ఏమిటి?

మా సెంటర్లో చదువుకునే ఒక అక్క ఓ రోజు సంచి పట్టుకొని వచ్చింది. ముఖం చిన్నబోయి ఉంది. సంచిలో నలభై లేసు పువ్వులు ఉన్నాయి.

“ఆరంగుళాలు కుట్టమన్నారండీ. ఆరే కుట్టామండీ. ఏజెంటుగారు పెద్దవైపోయాయని తిప్పి ఇచ్చేశారండీ. పైగా దారం ఖరీదు పట్టుకున్నారు” అంది.

టేపు పెట్టి కొలిచాను. కొన్ని సరిగ్గా ఆరంగుళాలు ఉన్నాయి. ఎక్కువ పువ్వులు ఆరున్నర ఉన్నాయి.

“అన్నీ మీరే కుట్టారా అక్కా?”

“సగం నేను, సగం మా అమ్మాయండీ. దాని చెయ్యి కాస్త వదులు. మొదటి పువ్వు టేపుతో కొలిచాం. తర్వాత కంటితో చూసుకొని కుట్టేశాం.”

అర అంగుళానికి ఇంత గొడవా అని నాకు ఆ ఏజెంటు మీద కోపం వచ్చింది. తర్వాత మేమిద్దరం పలక మీద లెక్క వేశాం. మీరూ వేయండి.

టేబులు మీద పరిచే గుడ్డ ఒకటి అనుకుందాం. వెడల్పు 60 అంగుళాలు. పొడవు 90 అంగుళాలు. ఆరంగుళాల పువ్వులు వెడల్పులో 10, పొడవులో 15 పడతాయి. మొత్తం 150 పువ్వులు. ఈ 150 పువ్వులూ ఒకరు కుట్టరు. నాలుగైదు ఇళ్ళలో చేతిపని అవుతుంది. తర్వాత ఇంకొకరు అతుకుపని చేసి అన్నిటినీ కలుపుతారు. ఒక్కో పువ్వు అర అంగుళం పెరిగితే ఏమవుతుంది? వెడల్పు 65 అంగుళాలు అవుతుంది. పొడవు 97 అంగుళాలు దాటుతుంది. కొన్ని ఆరు, కొన్ని ఆరున్నర ఉంటే ఇంకా కష్టం. అతికినచోట గుడ్డ ముడుచుకుపోతుంది. ఆ గుడ్డ కొన్నావిడ ఎక్కడో యూరపులో ఉంటుంది. మనం వెళ్ళి సరిచేసి రాలేం.

లెక్క పూర్తయ్యాక అక్క చాలాసేపు మాట్లాడలేదు. “ఈ సంగతి ముందే ఎవరైనా చెబితే బాగుండేది కదండీ” అంది. నిజమే. సూది పట్టడం ఆమెకు వాళ్ళ అమ్మ నేర్పింది. కొలత పట్టించుకోవాలని ఎవరూ నేర్పలేదు.

ఎగుమతి సరుకుకి ఒక ఆర్డరు కాగితం ఉంటుంది. కొలత ఎంత, ఎన్ని కావాలి, ఏ దారం, ఏ రంగు, ఏ తేదీకి ఇవ్వాలి అన్నీ అందులో రాసి ఉంటాయి. అది వ్యాపారి దగ్గరే ఉండిపోతుంది. మన దగ్గరికి నోటిమాట వస్తుంది. మాట ఒక చెవినుంచి ఇంకో చెవికి వచ్చేసరికి మారిపోతుంది. కొన్ని దేశాలవారు అంగుళాల్లో రాయరు. సెంటీమీటర్లలో రాస్తారు. ఒక అంగుళం అంటే 2.54 సెంటీమీటర్లు. ఆరంగుళాలు అంటే 15 సెంటీమీటర్లు దాటి ఇంకొంచెం. ఆ కొంచెం ఒక పువ్వులో కనబడదు. పది పువ్వులు వరసగా పెడితే దాదాపు అంగుళం తేడా వస్తుంది. మన టేపుకి ఒకవైపు అంగుళాలు, రెండోవైపు సెంటీమీటర్లు ఉంటాయి. రెండు వైపులా చదవడం వస్తే ఈ పొరపాటు జరగదు.

తేదీ కూడా గట్టి సంగతే. ఇంట్లో పెళ్ళి అయినా, జ్వరం వచ్చినా ఓడ ఆగదు. ఓడ తప్పితే సరుకును విమానంలో పంపాలి. ఆ ఖర్చు చాలా ఎక్కువ. అందుకని ఎన్ని కుట్టగలమో అన్నే ఒప్పుకోవాలి. ఎక్కువ ఒప్పుకొని రాత్రిళ్ళు దీపం దగ్గర కూర్చుంటే కళ్ళు అలసిపోతాయి, పనీ చెడుతుంది. పసుపు చేత్తో, నూనె చేత్తో దారం ముట్టుకోకూడదు. ఒళ్ళో తెల్లగుడ్డ పరుచుకోవాలి. పొయ్యి దగ్గర పెట్టిన లేసుకి పొగ వాసన పడుతుంది. సూది మొన విరిగితే ఆ ముక్క దొరికేదాకా వెతకాలి. ఇవి మీకు తెలిసినవే.

ఇక డబ్బు సంగతి. పై దేశంవారు ఎక్కువగా డాలర్లలో డబ్బు ఇస్తారు. డాలరు విలువ రోజూ మారుతుంది. మాట వరసకి ఒక గుడ్డ ధర 20 డాలర్లు అనుకుందాం. డాలరు 80 రూపాయలైతే 1,600 వస్తాయి. 85 రూపాయలైతే 1,700 వస్తాయి. కుట్టిన చేతికి ఆ వంద రూపాయల్లో ఎంత వస్తుంది? ఏమీ రాదు. పువ్వుకి ఇంత అని ముందే చెప్పేస్తారు కాబట్టి.

మరియా మీస్ అనే జర్మనీ దేశపు ఆవిడ నరసాపురం లేసు కార్మికుల మీద 1982లో ఒక పుస్తకం వేసింది. ఈ ఆడవాళ్ళు రోజుకి ఎన్నో గంటలు పని చేస్తున్నారు, అయినా “ఇంట్లో ఊరికే కూర్చుని కుట్టుకుంటున్నారు” అనే లోకం అనుకుంటోంది అని రాసింది. అందుకే కూలీ తక్కువ. ఆ మాట ఈనాటికీ మన అరుగుల మీద వినబడుతుంది. వినీ వినీ మనం కూడా అదే అంటున్నాం.

మనమే ఎగుమతి చేయలేమా? చేయవచ్చు. దానికి ఐ.ఇ.సి. అనే కోడు కావాలి. కేంద్ర ప్రభుత్వపు విదేశీ వ్యాపార శాఖ ఇస్తుంది. ఇప్పుడు పాన్ కార్డు నంబరే ఆ కోడు. సంఘానికి పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ఉండాలి. కంప్యూటర్లో దరఖాస్తు పెట్టాలి. చిన్న పార్సిళ్ళకు ఓడ కూడా అక్కరలేదు. 2022 నుంచి పోస్టాఫీసుల్లో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు పెట్టారు. అక్కడినుంచే పై దేశాలకు పంపవచ్చు.

కానీ కోడు వచ్చినంత మాత్రాన కొనేవాళ్ళు రారు. ఈ పనిలో ఒకరు కొలతలు చూడాలి, ఒకరు లెక్కలు రాయాలి, ఒకరు ఇంగ్లీషులో ఉత్తరాలు నడపాలి. మన ఊళ్ళో ఇంటరు, డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు ఎంతమంది లేరు! కాకినాడలో విదేశీ వ్యాపారం నేర్పే కేంద్ర సంస్థ 2022లో మొదలైంది. ఇంటరు పాసైన పిల్లలకు అక్కడ ఐదేళ్ళ కోర్సు ఉంది. ప్రవేశ పరీక్ష రాయాలి. ఫీజు ఎక్కువే. అయినా మీ పిల్లలకి చెప్పి ఉంచండి.

చైనా నుంచి మిషను లేసు చవగ్గా వస్తోంది. ధరలో దానితో పోటీ పడలేం. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే వేరేచోట చేసినదాన్ని నరసాపురం లేసు అని అమ్మకూడదు. చేతి లేసు కావాలనేవాళ్ళు ఆ పేరు చూసి కొంటారు. పువ్వులన్నీ ఒక్క కొలతలో ఉంటేనే మళ్ళీ కొంటారు.

మా సెంటరు అక్క ఇప్పుడు ఒక అట్టముక్క మీద ఆరంగుళాల గుండ్రం గీసుకొంది. తను కుట్టిందైనా, కూతురు కుట్టిందైనా, ప్రతి పువ్వూ దానిమీద పెట్టి చూస్తుంది. మొన్న దారం ఇచ్చినప్పుడు కొలత, తేదీ, ధర కాగితం మీద రాసి ఇమ్మని ఏజెంటుని అడిగింది. ఆయన కొలత రాశాడు. తేదీ రాశాడు. ధర దగ్గర ఖాళీ వదిలేశాడు. ఈ వారం మళ్ళీ అడుగుతానంటోంది.

చేసి చూడండి: ఒక గుడ్డ వెడల్పు 48 అంగుళాలు, పొడవు 72 అంగుళాలు. ఆరంగుళాల పువ్వులు ఎన్ని కావాలి? ఒక్కో పువ్వు పావు అంగుళం పెరిగితే గుడ్డ పొడవు ఎంత అవుతుంది? మీకు పువ్వుకి ఎంత ఇస్తున్నారో రాసి, గుడ్డ మొత్తానికి మీ చేతికి ఎంత వస్తుందో లెక్క కట్టండి.