చీమల బారుకు తీపినీటి ఎర

ఈశాన్య రుతుపవనపు వానలు మొదలైన కొద్ది రోజులకే చెన్నై ఇళ్ళలో చీమల బారులు పెరుగుతాయి. పుట్టలలోకి నీరు చేరగానే చీమలు గుడ్లనూ పిల్లలనూ మోసుకొని పొడిచోటు వెతుక్కుంటాయి. గోడ పగులు, గడప కింది సందు, స్విచ్‌బోర్డు వెనుక ఖాళీ, నీటిగొట్టం గోడలో దూరే రంధ్రం, వీటిలో ఏదైనా వాటికి చాలు. వంటింటి గట్టు మీద బారు కనిపించగానే గృహస్థులు మొదట తడిగుడ్డతో తుడుస్తారు, ఆపైన మందు చిమ్ముతారు. మరునాటికి ఆ బారు అక్కడే, లేదా మూరెడు పక్కన, మళ్ళీ ప్రత్యక్షమవుతుంది.

కంటికి కనిపించే చీమలు ఆ పుట్టలో కొంత భాగం మాత్రమే. గుడ్లు పెట్టే రాణి, పెరుగుతున్న పిల్లపురుగులు, వాటిని సాకే శ్రామిక చీమలు లోపలనే ఉంటాయి. బారును చంపితే లోపలివారు మరికొందరిని బయటికి పంపుతారు. కొన్ని జాతుల విషయంలో మందు చిమ్మడం వల్ల బెడద పెరుగుతుంది కూడా. ఫారో చీమ అని పిలిచే సన్నని పసుపురంగు చీమ పుట్టలో రాణులు అనేకం. మందు తగిలి కలవరపడినపుడు ఆ పుట్ట చీలి, ఒకచోట ఉన్నది నాలుగుచోట్ల వెలుస్తుంది. ఆసుపత్రులలో గాయాల కట్ల వరకూ వెళ్ళి రోగక్రిములను మోయగలది ఈ జాతే.

అందుచేత విషాన్ని చీమల చేతనే పుట్టలోకి చేర్చడం మేలైన మార్గం. ఎదిగిన చీమ గట్టి పదార్థాన్ని మింగలేదు, ద్రవాన్నే తాగుతుంది. తాగినదానిలో కొంత తన ఆకలికి, మిగిలినది తోటివారికి. ఆ మిగిలినదాన్ని దాచుకోవడానికి దాని పొట్టలో వేరే సంచి ఉంది. దానిని ఉమ్మడి కడుపు అనవచ్చు. పుట్టకు చేరిన చీమ నోటితో నోటికి ఆ ద్రవాన్ని పంచుతుంది. పంచుకున్నవి మరికొన్నింటికి పంచుతాయి. చివరికి రాణికీ పిల్లలకూ చేరుతుంది. ఈ పంపకానికి రోజులు పడుతుంది గనుక విషం నెమ్మదిగా పనిచేయాలి. దారిలోనే చీమను చంపే మందు ఇక్కడ పనికిరాదు.

నెమ్మదిగా పనిచేసే గుణం బోరిక్ పొడికి ఉంది. క్యారమ్ బోర్డు మీద చల్లుకొనేదీ, మందుల దుకాణంలో దొరికేదీ ఇదే. దీని బదులు వెలిగారం కూడా వాడవచ్చు. ఇక్కడ భాష వల్ల ఒక చిక్కు వస్తుంది. తమిళంలో వెలిగారాన్ని వెంగారం అంటారు. పడిగారం అంటే పటిక. దుకాణంలో మాట తడబడితే పటిక చేతికి వస్తుంది, దానితో చేసిన ఎర వల్ల ఫలితం ఉండదు. పొట్లం తీసుకొనే ముందు పేరు మరొకసారి అడగడం మంచిది.

200 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో 20 గ్రాముల పంచదార, 2 గ్రాముల బోరిక్ పొడి వేసి పూర్తిగా కరిగించాలి. టీస్పూనుతో చదునుగా కొలిస్తే పంచదార అయిదు, పొడి అర. వెలిగారమైతే 3 గ్రాములు. రెండింతలు వేస్తే రెండింతలు త్వరగా పోతాయన్న ఆలోచన సహజమే గాని ఫలితం తారుమారవుతుంది: ఘాటు ఎక్కువైతే చీమలు తాగడం మానుతాయి, తాగినవి పుట్ట చేరకముందే చస్తాయి. ఒక శాతం విషమే ఇక్కడ బలమైనది.

గిన్నె లేదా సీసామూత తెరిచి పెట్టడం తగదు. గట్టి మూత గల చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకొని, పక్కల పైభాగాన చీమ దూరేటంత రంధ్రాలు నాలుగు చేసి, లోపల దూదిని ఈ ద్రవంతో తడిపి ఉంచి, మూతను టేపుతో బిగించాలి. దూది లేకపోతే చీమలు మునిగి చస్తాయి, పుట్టకు ఏమీ చేరదు. డబ్బాను బారు పక్కనే, అయితే పసిపిల్లల చేతికీ పెంపుడు జంతువులకూ అందని చోట అమర్చాలి.

పసిపిల్లల విషయంలో కొంత కఠినంగా చెప్పక తప్పదు. వెలిగారం వంటింటి వైద్యంలో వినిపించే పేరు కాబట్టి అపాయం లేనిదని చాలామంది భావిస్తారు. మింగితే బోరిక్ పొడి విషమే. శిశువులకు కొద్ది మోతాదు సైతం ప్రమాదకరం. అందులోనూ ఈ ద్రవం తియ్యగా ఉంటుంది, నీళ్ళలా కనిపిస్తుంది. మిగిలినదానిని శీతల పానీయపు సీసాలో పోసి ఉంచడం ఎంతమాత్రం తగదు. గర్భిణులు ఈ పని ఇతరులకు అప్పగించడం మేలు. డబ్బా మీద విషమని తెలుగులో రాస్తే ఇంట్లోవారికి తెలుస్తుంది, పనికి వచ్చే తమిళ మహిళకు తెలియదు. రెండు భాషలలోనూ రాయాలి. ఎవరైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయక, డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అంబులెన్సుకు 108. ఢిల్లీ ఎయిమ్స్ లోని జాతీయ విష సమాచార కేంద్రం ఉచిత ఫోను 1800 116 117.

తెల్లని చీమల సుద్దకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. బడిసుద్దలా కనిపించే దానిలో ఉండేది పురుగుమందు. ఇక గమాక్సిన్ పేరుతో పాతతరంవారు గడప వెంట చల్లిన బి.హెచ్.సి. పొడి మన దేశంలో 1997లో నిషేధానికి గురైంది. ఎవరి అటక మీదనైనా దాని డబ్బా మిగిలి ఉంటే వాడకూడదు.

ఎర పెట్టిన మొదటి ఒకటి రెండు రోజులు బారు తగ్గదు, పెరుగుతుంది. పెళ్ళివిందుకు పిలిచినట్లు తరలివస్తాయి. ఎక్కువమంది ఓర్పు కోల్పోయేది ఇక్కడే. ఆ రోజులలో బారును తుడవకూడదు, దగ్గరలో మందు చిమ్మకూడదు. చీమలు నడిచే వాసన బాట చెరిగితే ఎర దండగ. పంచదార డబ్బాలు, పండ్లు, ఎంగిలి గిన్నెలు మాత్రం వాటికి అందకుండా చూడాలి, వేరే తిండి దొరికితే ఎరకు రావు. చెన్నై ఉక్కలో తీపినీరు త్వరగా పులుస్తుంది, బూజు పడుతుంది. రెండు మూడు రోజులకొకసారి మార్చాలి. బారు పలచబడటానికి వారం, పుట్ట అణగడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు.

కొన్ని బారులు తీపిని తాకవు. ఒక కాగితం మీద బెల్లపు నీటి చుక్క, పక్కన వేరుశనగ ముక్క ఉంచి అరగంట గమనిస్తే వాటి ఇష్టం తెలిసిపోతుంది. నూనె వైపు వెళ్ళేవాటికి ఈ ద్రవం కాక జిడ్డు ఎర కావాలి. చెదలు పేరుకు తెల్లచీమలే అయినా చీమలు కావు, ఈ ఎరకు రావు.

బాల్కనీలో మందార మొక్క ఉన్న ఇంట ఆకుల అడుగు చూడటం అవసరం. తెల్లని పిండినల్లి విసర్జించే తేనెబంక కోసం చీమలు మొక్క ఎక్కుతాయి, ప్రతిఫలంగా దాని శత్రువులను తరిమి కాపాడతాయి. నల్లిని సబ్బునీటితో కడిగివేయనంత కాలం ఆ దారి మూతపడదు. వాడిన ఎరనీటిని ఆ కుండీలో పోయకూడదు, బోరాన్ ఎక్కువైతే మొక్క మాడుతుంది. దూదిని సంచిలో కట్టి, హానికర గృహవ్యర్థంగా విడిగా ఇవ్వాలి.

వాకిట బియ్యప్పిండి ముగ్గు చీమల ఆహారం కోసమే అని నమ్మే ఇళ్ళు రెండు భాషలవారిలోనూ ఉన్నాయి. చీమను చంపడానికి మనసొప్పనివారు బాటను సబ్బునీటితో తుడిచి, పగుళ్ళను సిమెంటుతోనో సీలెంటుతోనో పూడ్చి, తిండిని మూసి ఉంచితే చాలావరకు సరిపోతుంది. ఎర వాడినవారికి కూడా పగుళ్ళు పూడ్చే పని తప్పదు. కాకపోతే బారు పూర్తిగా ఆగిన తరువాతే పూడ్చాలి. ముందే పూడిస్తే లోపల మిగిలినవి పక్క వాటా గోడ నుంచి బయటికి వస్తాయి.