టమాటా పొడి – ఎంజైముల పని



2023 జులైలో కిలో టమాటా ధర 100 రూపాయలు దాటింది. చారులో ఒక్క కాయ వేయాలన్నా ఆలోచించాం. సెప్టెంబరు వచ్చేసరికి ధర పడిపోయింది. కర్నూలు జిల్లాలో రైతులు కాయల్ని రోడ్డు మీద పారబోశారు.

టమాటా నిలవ ఉండదు. అందుకే ఈ తిప్పలు. పొడి చేస్తే నెలల తరబడి ఉంటుంది.

ఎంజైము అంటే ఏమిటి?

నాలుగు అన్నం మెతుకులు నోట్లో వేసుకుని బాగా నమలండి. కాసేపటికి తియ్యగా అనిపిస్తుంది. మన ఎంగిలిలో ఎంజైము ఉంది. అది అన్నంలోని పిండిని చక్కెరగా మారుస్తుంది. కోసిన వంకాయ నల్లబడుతుంది కదా! అదీ ఎంజైము పనే. ఎంజైములు కంటికి కనిపించవు. అవి పురుగులు కావు. ప్రాణం ఉన్న ప్రతిదానిలో అవి తయారవుతాయి.

కూరగాయను గట్టిగా పట్టి ఉంచే జిగురు ఒకటి ఉంది. దాని పేరు పెక్టిన్. టమాటాలు నలిపి పచ్చిగా వదిలేస్తే ఎంజైములు ఆ జిగురును తెంచేస్తాయి. గుజ్జు పలచబడుతుంది. వెంటనే బాగా కాస్తే ఎంజైములు పని మానేస్తాయి. గుజ్జు చిక్కగా ఉంటుంది.

ఫ్యాక్టరీలో ఏం చేస్తారు?

క్యారెట్ లాంటి వాటి గుజ్జు చిక్కగా ఉంటుంది. యంత్రంలో సరిగా పారదు. అందుకని జిగురును తెంచే ఎంజైమును కొంచెం కలుపుతారు. గుజ్జును వెచ్చగా ఉంచుతారు. అది పలచబడుతుంది. తర్వాత బాగా కాచి ఎంజైము పనిని ఆపుతారు. గుజ్జును సన్నని తుంపరగా వేడిగాలిలోకి చిమ్ముతారు. నీరు ఆవిరవుతుంది. పొడి రాలుతుంది.

ఇంట్లో ఎలా?

మనం ఎంజైము కొనక్కర్లేదు. మనకు చిక్కని గుజ్జే కావాలి. కాబట్టి ముందే పొయ్యి మీద పెట్టాలి.

1. బాగా పండిన కాయలు కడగండి. కుళ్ళినవి తీసేయండి.
2. ముక్కలు కోసి వెంటనే స్టీలు గిన్నెలో ఉడికించండి.
3. జల్లెడలో రుద్ది తొక్కలు, గింజలు తీసేయండి.
4. గుజ్జు దగ్గరపడేదాకా కలుపుతూ ఉడికించండి.
5. స్టీలు పళ్ళెంలో మామిడి తాండ్రలా పలచగా పూయండి. పల్చని గుడ్డ కప్పి ఎండబెట్టండి. రాత్రి లోపల పెట్టండి.
6. వంగితే తడి ఉన్నట్టే. పుటుక్కున విరిగితే ఎండినట్టు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఉండగానే తీసి పొడి కొట్టండి.
7. వెంటనే పొడి సీసాలో పోసి మూత బిగించండి. తేమ తగిలితే గడ్డ కడుతుంది. బూజు పడితే పారేయండి.

లెక్క చూద్దాం

100 కిలోల టమాటాలో సుమారు 94 కిలోలు నీరే. తొక్క, గింజ పోతే 20 కిలోలకు కిలో పొడి రావడం కూడా కష్టం. కిలో కాయలు 5 రూపాయలైతే, కాయలకే 20 × 5 = 100 రూపాయలు. కట్టెలు, సీసా ఖర్చు వేరే. మరి మన కూలి? రెండు మూడు రోజుల కష్టం అది. సంఘంలో కలిసి చేసి అమ్మినా, కూలి కలపకుండా ధర చెప్పకండి. అమ్మే ముందు ఆహార భద్రత అధికారుల దగ్గర నమోదు చేయించుకోండి.

జవాబులు చెప్పండి

1. నమిలిన అన్నం ఎందుకు తియ్యగా ఉంటుంది?
2. టమాటా ముక్కలను వెంటనే ఎందుకు ఉడికించాలి?
3. కాయలు కిలో 8 రూపాయలైతే 20 కిలోలకు ఎంత?