నర్సింగు డిగ్రీకి సిద్ధపాటు

గాయపడినవానిని చూచిన పిమ్మట సమరయుడు నూనె కొనుటకు సంతకు పోలేదు. అది అతనియొద్దనే యుండెను (లూకా 10:34). బిడ్డల చదువునకును అట్టి ముందుచూపు కావలెను.

బి.యస్సీ. నర్సింగు నాలుగేండ్ల చదువు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఇది 1946లో మొదలైనది. ఇంటరులో జీవ, భౌతిక, రసాయన శాస్త్రములును ఇంగ్లీషును చదివినవారికే ఇందులో ప్రవేశము. కనుక పదవ తరగతి కాగానే బై.పి.సి. గ్రూపులో చేర్చుడి. ఏ గ్రూపైన నేమని వేరొకటి చదివించి, తరువాత దుఃఖించు తల్లిదండ్రులు కలరు. కళాశాలలో పాఠములు ఇంగ్లీషుననే జరుగును; ఇప్పటినుండియే దినమునకొక పుట బిగ్గరగా చదివించుడి.

ఆరు నెలలలో నర్సును చేసెదమను దళారుల మాట నమ్మకుడి. ఫీజు కట్టకముందే, ఆ చదువుతో రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో పేరు నమోదగునా యని విచారించుడి.

ఇంట మంచము పట్టిన అవ్వకు అన్నము తినిపించుట, పక్క మార్చుట ఇప్పుడే నేర్పుడి. మగపిల్లలకును నేర్పుడి, వారును ఈ చదువు చదువవచ్చును.